గున్నమ్మ కాలు, ఎర్రన్న నోరు

గున్నమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి మొగలో కేకేస్తే మూడో వీధిలో పిల్లి లేచి కూర్చునేదని చెప్పుకునేవారు. అలాంటి మనిషి పంతొమ్మిది వందల అరవై ఎనిమిది శ్రావణంలో పొలం గట్టు మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, లోపల ఇనప కడ్డీ వేసి, కుట్లు విప్పాక ఇంటికి పంపారు. మూడు నెలలు కాలు కింద మోపకూడదన్నారు. నోటి సంగతి ఎవరూ ఏమీ అనలేదు. అందుకని శ్రీకూర్మం దగ్గరి ఆ సముద్రపు ఒడ్డు పల్లెలో, పాక ముందు నులక మంచం మీద పడుకునే ఆమె వీధంతటికీ పెత్తనం చేయసాగింది.

చేపల అమ్మకం మాత్రం మంచం మీంచి సాగదు. పట్టడం మగాడి పని, అమ్మడం ఆడదాని పని. ఇప్పుడా రెండూ మొగుడు ఎర్రన్న నెత్తిన పడ్డాయి. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఇంట్లో మాటలన్నీ గున్నమ్మే ఆడేసేది. అతనికి మిగిలేవి కావు.

మొదటి రోజు కవళ్ల చేపల గంప ఎత్తుకెళ్లినవాడు ఎత్తుకెళ్లినట్టే తిరిగొచ్చాడు.

"ఏటి మావా, ఒక్కటీ అమ్మనేదా?"

"కేక రానేదే."

"రాకేటి? నా ముందర ఎయ్యి, సూస్తాను."

ఎర్రన్న అటూ ఇటూ చూసి, దగ్గినట్టు "సేపలు" అన్నాడు. పక్కింటి అమ్మడు బియ్యం చేట వదిలేసి పడీపడీ నవ్వింది.

"సేపలు అమ్ముతన్నావా, సేపల సెవిలో గుట్టు సెప్తన్నావా?" అంది గున్నమ్మ.

మర్నాడు మాత్రం గంపలో చేపల బదులు చోడి గింజలు, ఓ గుమ్మడికాయ తెచ్చాడు. ఎలా అమ్మావంటే, "నీ కాలెలాగున్నాదని అడిగినారు, సెప్పినాను" అన్నాడు. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి గున్నమ్మకి సంతోషం కన్నా అనుమానం ఎక్కువైంది. తను గొంతు చించుకున్నా గంప ఏనాడూ అంత తొందరగా ఖాళీ అయింది కాదు.

ఆదివారం గుట్టు బయటపడింది. ఆమె దగ్గర పదేళ్లుగా చేపలు కొనే పక్క ఊరి రైతుబిడ్డ అసిరమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని చూడ్డానికొచ్చింది. అప్పుడు గున్నమ్మ మోచేతుల మీద లేచి, ఎండుచేపల మీద వాలిన కాకుల్ని వంశంతో సహా తిడుతోంది.

"ఓలమ్మో, మాటొచ్చీసినాదే!" అని అసిరమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "పడ్డప్పుడు పోయిన మాట మరి రాదన్నారట గదా! ఎర్రన్న సెప్తంటే మా ఈదంతా ఏడిసినాం. ఆ కడ్డీ సీమదేశం నించి ఓడలో వచ్చినాదట! అదొచ్చిందాకా మూడు రోజులు పచ్చి గంగ ముట్టకుండా ఒడ్డునే కూకున్నాడట!"

గున్నమ్మ మొగుడి వంక చూసింది. ఎర్రన్న వల బాగుచేస్తున్నవాడు కాస్తా వలలోకి తల దూర్చేశాడు. ఆమెకు ఒళ్లు మండింది. కాని మూడు రోజుల మాట అబద్ధం కాదు. ఒడ్డున కాదుగానీ, ఆసుపత్రి మెట్ల మీద అతను తిండీ తిప్పలూ లేకుండా కూర్చున్నాడని నర్సు చెప్పింది.

గున్నమ్మ మెల్లగా వెనక్కి వాలిపోయింది. "ఇప్పుడే... వచ్చినాదమ్మా..." అంది నీరసంగా. "కాకుల్ని సూసి... ఒక్కపాలే..."

"మాటాడకు తల్లీ, మళ్లీ పోతాది!" అని ముగ్గురూ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. వాళ్లు కూర్చున్న గంటసేపూ గున్నమ్మ పెదవి విప్పలేదు. ఆపరేషనప్పుడు కూడా అంత బాధ పడలేదు. వాళ్లు కళ్లు తుడుచుకుని, గుడ్లూ నెయ్యీ పెట్టి వెళ్లిపోయారు.

"మావా!"

ఎర్రన్న తిట్లు తినడానికి సిద్ధపడి, తల వంచుకుని దగ్గరకొచ్చాడు.

"ఆ ఓడ ఏ రేవుకొచ్చినాది?"

అతను ఆమె మొహం కేసి చూశాడు. నవ్వు ఆపుకుంటోంది.

"కళింగపట్నం," అన్నాడు మెల్లగా.

"మరేటయినాది?"

ఎర్రన్న మంచం పట్టె మీద కూర్చుని మొదలెట్టాడు. గున్నమ్మ ఒక్క మాటైనా అడ్డు పెట్టకుండా వింది. ఓడకి సొరచేప అడ్డం పడ్డప్పుడు మాత్రం "ఓలమ్మో!" అంది.