అడగని అగ్గి

పోలేరమ్మ ఇస్త్రీపెట్టె మూత ఎత్తి విసనకర్రతో విసిరింది. బూడిద లేచిపోయి బొగ్గులు ఎర్రబడ్డాయి. మూత వేసి, తడివేలు అడుగున తాకించింది. చుయ్‌మంది. లాడ్జి దుప్పటి ఇస్త్రీబండి మీద పరిచి, పెట్టె నడిపించింది.

ఆమె నోట అన్నిటికీ ఒకటే మాట. తిరుచానూరు ఎండ అగ్గి. పచ్చిమిరపకాయ అగ్గి. మొగుడున్నన్నాళ్లూ అతని కోపం అగ్గి. అతను పోయాక తన కడుపులో మిగిలిందీ అగ్గే. పోయిన నెల ఆ మాటే నోరు జారింది. ఇస్త్రీపెట్టెలోని బూడిద ఎగిరి ఆరేసిన గుడ్డల మీద పడిందని పక్కింటి గ్రేసీ తగువుకొస్తే, "నీ కొంపలో అగ్గి పడా" అనేసింది. ఆ కొంపలోనే గ్రేసీ కూతురు రెబెకా పసిబిడ్డతో పడుకుని ఉంది.

అంతవరకూ బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడానికి గ్రేసీ రోజూ మూకుడు పట్టుకొచ్చేది. వీధిలో అందరివీ గ్యాసుపొయ్యిలే. నిప్పులు దొరికేది ఈ బండి దగ్గరే. ఆ మాట తర్వాత రావడం మానేసింది. ఈ మధ్యాహ్నం బస్సుకు రెబెకా బిడ్డతో పలమనేరులో అత్తగారింటికి వెళ్లిపోతోంది. తన మాట కూడా ఆ బిడ్డతో పాటే బస్సెక్కుతుందేమోనని పోలేరమ్మకు పొద్దుటి నుంచీ చేతులాడటం లేదు.

అగ్గి అడిగినవాళ్లకే ఇవ్వాలని, అడగని ఇంటికి మోసుకుపోకూడదని ఆమెకు తల్లి నేర్పింది. ఏనాడూ తప్పలేదు. ఇప్పుడు చిటపటలాడని కొబ్బరిచిప్ప బొగ్గులు ఏరి మూకుట్లో వేసి, పైన పలచగా బూడిద కప్పి, గ్రేసీ గడప ముందు నిలబడింది.

"నేను అడగలేదే," అంది గ్రేసీ.

"అడగలేదులే మే. పలమనేరులో మంచు జాస్తి. బిడ్డకు రొంప పట్టుకుంటాది."

"నోటితో కాల్చేసి, ఇప్పుడు పొగేసేదానికి వచ్చినావా?"

"నా నోరు అట్లాంటిదని నీకు తెల్దా? ఆ బిడ్డను అనలేదు మే. మూకుడు కాల్తా ఉండాది, యాడ పెట్టేది చెప్పు."

లోపలి నుంచి రెబెకా నవ్వింది. "అమ్మా, పెద్దమ్మ చెయ్యి కాలకముందే రానియ్యి."

గ్రేసీ పక్కకు జరిగింది. సాంబ్రాణి తెచ్చి నిప్పుల మీద చల్లింది. పొగకు బిడ్డ తుమ్మి, పోలేరమ్మ వేలు పట్టుకుంది. ఇస్త్రీకి బండబారిన ఆ వేలికి చాలాకాలంగా వేడీ చల్లా తెలియవు. ఆ పిడికిలి మాత్రం తెలిసింది.

బస్సుకు పోతూ రెబెకా బండి దగ్గర ఆటో ఆపించి, ఒక చిన్న పొట్లం చేతికిచ్చింది.

"బాప్తిస్మానికి కుట్టించినాం పెద్దమ్మా. దానికి ఈడికే వస్తాం. నువ్వే ఇస్త్రీ చేసి పెట్టు."

ఆటో మలుపు తిరిగింది. పోలేరమ్మ చేతులు కడుక్కుని, పెట్టెలోంచి రెండు బొగ్గులు తీసేసి, వేడి తగ్గేదాకా ఆగింది. బండి మీద, లాడ్జి దుప్పట్ల పక్కన చిన్న తెల్లగౌను, ఒక చెయ్యి లోపలికి మడిచి ఉంది.