అద్దం తుడిచిన అన్నయ్యగారు

సూర్యకళ డ్యూటీ దిగి వచ్చి డాబా మెట్లెక్కేసరికి, అర్జునరావు కాళ్లు బారజాపుకుని కూర్చుని, ఆమె టెలిస్కోపు అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని జేబురుమాలుతో తుడుస్తున్నాడు.

పక్కనే గొట్టం అడుగు ఊడిపోయి పడుంది. స్క్రూలూ స్ప్రింగులూ ఒక స్టీలు గిన్నెలో ఉన్నాయి. ఆ గిన్నెకి పకోడీల నూనె ఇంకా అంటుకునే ఉంది.

"ఏటి సేత్తన్నారన్నయ్యా?"

"వచ్చావా సెల్లెమ్మా! నిన్ను బాగా మోసం సేసీసారు. అద్దం తిరగేసి బిగించీసారు. మజ్జాన్నం నించీ సూత్తన్నాను, పోర్టు క్రేను తలకిందులుగా ఏలాడతంది. అందుకే విప్పీసాను. పైగా దీని మీద ఎంత దుమ్మో!"

అర్జునరావు ఆమె ఆడపడుచు రాణి మొగుడు, ఆ ఇంటి అల్లుడు. ఫ్యాను తిరక్కపోయినా, మిక్సీ మొరాయించినా ముందుగా విప్పేది ఆయనే. మళ్లీ బిగించడానికి మాత్రం మెకానిక్ రావాలి.

సూర్యకళ పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం పూట లారీకీ లారీకీ మధ్య దొరికే కాస్త వ్యవధిలో షెడ్డు బయటికొచ్చి, పడమటి వైపు వెలిగే చుక్కను చూస్తూ నిలబడేది. అది చుక్క కాదు శుక్రగ్రహం అని తెలిశాక ఆశ పెరిగింది. తన జీతంలోంచి టెలిస్కోపు కొనుక్కుంటే ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారని ఆ పొద్దున్నే పెట్టె విప్పి, చిన్న పుస్తకం చదువుకుంటూ తనే నిలబెట్టింది. గొట్టం అడుగున, లోపలికి వంపు తిరిగిన పెద్ద అద్దం వెలుగును పోగుచేసి పైకి పంపితే, పైనున్న చిన్న అద్దం దాన్ని పక్కకు తిప్పి కంటికి అందిస్తుంది. గొట్టం మీద, గురి చూసుకోవడానికి ఎర్రచుక్క వెలిగే చిన్న పరికరం ఉంది. దూరంగా ఉన్న క్రేను కొక్కేన్ని గొట్టంలో నడిమధ్యకు తెచ్చుకుని, ఎర్రచుక్క కూడా దాని మీదే పడేట్టు సరిచేసింది. క్రేను తలకిందులుగానే కనబడింది. ఇలాంటి టెలిస్కోపులో అలాగే కనబడుతుందని పుస్తకంలో ఉంది. ఆకాశంలో పైనేమిటి, కిందేమిటి!

డ్యూటీకి వెళ్తూ మొగుడు నాగబాబుకి మరీ మరీ చెప్పింది. "ఎవర్నీ ముట్టుకోనీకు. అద్దం మీద ఏలు కూడా పడకూడదు."

ఇప్పుడా అద్దాన్ని అంచులు పట్టుకుని అందుకుని, వాలు వెలుగుకి ఏటవాలుగా పెట్టి చూసింది. మల్కాపురం డాబాల మీద పడేది మామూలు దుమ్మా? పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు పొడి. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగే చోటు అది. ఆ పొడి మీద రుమాలు పెట్టి రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అద్దం నిండా వెంట్రుకల్లాంటి గీతలు.

"గీతలు పడిపోనాయి," అంది సూర్యకళ.

"గీతలేటి, మరకలవి. కాసింత కొబ్బరినూనె రాత్తే పోతాయి."

"ఇంకోసారి ముట్టుకున్నారంటే మర్యాదుండదు!"

ఆ కేకకి కింద నుంచి రాణి పరుగెత్తుకొచ్చింది. "సాయం సేసిన మనిషితో అలాగేటి మాట్టాడ్డం? ఆయనేటి పరాయోడా?" నాగబాబు ఆమె వెనకే వచ్చి, అటూ ఇటూ చూసి, "పోనీలేవే. అద్దమే కదా," అన్నాడు.

పోనీలే. కొత్త కుక్కరు రాణి పట్టుకుపోయినప్పుడూ పోనీలే. సెలవు పెట్టుకుని అరకు బయల్దేరుతుంటే అర్జునరావు తన చుట్టాలందర్నీ తెచ్చి దింపినప్పుడూ పోనీలే. తెలియక పాడుచేసినవాణ్ణి ఏమీ అనలేం. కానీ అడక్కుండా, ఆ పుస్తకమన్నా తిరగేయకుండా విప్పేసి, పైగా మేలు చేశానంటే?

"ఆయన మీద కన్నా నీ మీదే ఎక్కువ కోపంగా ఉంది నాకు," అంది మొగుడితో. ముక్కలన్నీ ఏరి పెట్టెలో సర్దుకుని కిందికి దిగిపోయింది.

తర్వాతి సెలవు రోజున మళ్లీ డాబా ఎక్కింది. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టి, అద్దాన్ని చోట్లో కూర్చోబెట్టింది. బిగిస్తే సరిపోదు, రెండద్దాలూ ఒకదానికొకటి సూటిగా చూసుకోవాలి. కన్ను ఆనించే చోట నడుమ చిల్లున్న మూత పెట్టి, అందులోంచి చూస్తూ గొట్టం వెనకున్న స్క్రూలు తిప్పాలి. చూస్తే చెయ్యి అందదు, చెయ్యి పెడితే చూడ్డానికుండదు. తిప్పిన ప్రతిసారీ అర్జునరావుని తిట్టుకుంది.

నాగబాబు టీ గ్లాసుతో వచ్చి కాసేపు నిలబడ్డాడు. "నానేటైనా సెయ్యనా?"

"ఎనక స్క్రూ తిప్పు. నాను సెప్పినంతే తిప్పు."

చెప్పినంతే తిప్పాడు. అద్దాల్లోని నీడలన్నీ ఒకదాని మధ్యకి ఒకటి వచ్చి కూర్చున్నాక మెల్లిగా అన్నాడు. "ఆవేళ నాను ఆపవలసింది."

"ఆపవలసిందే," అంది ఆమె. పోనీలే అనలేదు.

పొద్దు గుంకింది. గొట్టం బయటి గాలంత చల్లబడేదాకా ఆగి, ఎక్కువ మేర కనిపించే కటకం ముందు పెట్టి, ఎర్రచుక్కని అర్ధచంద్రుడి మీదికి తెచ్చింది. కటకాన్ని ముందుకీ వెనక్కీ జరిపే మరను అటూ ఇటూ తిప్పగా తిప్పగా మసక విడిపోయింది. వెలుగూ చీకటీ కలిసేచోట గుంటలు, గుంటల అంచుల మీద ఎండ, చీకట్లోంచి విడిగా మెరుస్తున్న కొండ కొన ఒకటి. కానీ చంద్రుడి చుట్టూ సన్నగా పాలపొర లాంటి మసక. ఇంకా ఎంత తేటగా ఉండాల్సిందో అనుకునేసరికి కోపం మళ్లీ రాజుకుంది.

సరిగ్గా అప్పుడే అర్జునరావు మిక్చరు పొట్లంతో వచ్చాడు. "ఏదీ, సూడనీ," అంటూ కన్ను ఆనించాడు.

"అబ్బో, గుంటలు కూడా అవుపిత్తన్నాయే! సూసావా సెల్లెమ్మా, ఆవేళ నాను తుడవబట్టే ఇంత క్లియర్‌గా ఉంది."

"ఇవతలికి రండన్నయ్యా," అంది సూర్యకళ. ఈసారి అరవలేదు. "మీరు తుడవబట్టే మసకుంది. నా వస్తువు నన్నడక్కుండా విప్పారు. తప్పయిపోయిందని ఒక్క మాటన్నారా? ఆ మాట వచ్చేదాకా దీని దగ్గరికి రాకండి."

"ఒరే నాగబాబూ! ఇంటన్నావా మీ ఆవిడ మాటలు?"

నాగబాబు వచ్చి సూర్యకళ పక్కన నిలబడ్డాడు. "ఇంటన్నాను బావా. అది అడిగింది న్యాయమే. సెప్పీ."

అర్జునరావు చెప్పలేదు. పొట్లం నలుపుకుంటూ మెట్లు దిగిపోయాడు. కింద రాణి గొంతు లేచింది. ఈలోగా చంద్రుడు పక్కకి జరిగిపోయాడు. సూర్యకళ గొంతు లేచిన వైపు తిరిగి చూడకుండా, గొట్టాన్ని మెల్లగా నెట్టి మళ్లీ నడిమధ్యకు తెచ్చింది.

"రా, సూడు," అంది మొగుడితో. "సేతులు మాత్రం ఎనక్కి కట్టుకో."