మల్లక్క కన్ను

మల్లక్క కన్ను పడ్డ వీడియో నడవదని గోదావరిఖనిలోని ఆ క్వార్టర్ల వరుసలో అందరూ నమ్ముతారు. పక్కింటి యమున వంటల వీడియోలు మొదలుపెట్టి మూడేళ్ళు. వాటిలో జనం చూడకుండా పోయిన ప్రతిదానికీ కారణం మల్లక్కేనన్నారు. యమున ఫోను వెనక కాటుక చుక్క పెట్టుకుంది. మల్లక్క గడప దగ్గరికి వస్తే ఫోనును కొంగు కింద దాచేది.

ఆ పొద్దున గని క్యాంటీన్‌లో మల్లక్క అప్పటికే మూడో వాయి వేస్తోంది. బొబ్బెర పిండిని అరచేతిలో తట్టి, బొటనవేలితో అంచంతా తడిమి, నూనెలోకి జార్చింది. తల కొద్దిగా వంచి చప్పుడు విన్నది. ఇరవై రెండేళ్ళుగా పొద్దుటి షిఫ్టు వాళ్ళు ఆ గారెలు తిన్నాకే బొగ్గుబాయిలోకి దిగుతారు. ఆమె సెలవు పెట్టదు. మూకుడు ఒకసారి మరొకరి చేతికిస్తే తిరిగి రాదని భయం.

"యమునక్క గారెల వీడియో సూశినవా మల్లక్కా?" షిఫ్టుకు పోతున్న వీరేందర్ టిఫిను డబ్బా ముందుకు జరిపాడు. "అచ్చం నీ గారెలే."

"సూస్తే కడుపు నిండుతదారా?"

"నువ్వైతే సూడకే తల్లీ. నడిశేది గూడ ఆగిపోతది."

అందరూ నవ్వారు. మల్లక్క కాదనలేదు. తన గారెలను పొగిడిన నోళ్ళు యమున పేరు పలుకుతుంటే, ఆమెకు మిగిలిన ఘనత ఆ నింద ఒక్కటే.

రద్దీ తగ్గాక పిండి బస్తాపై కూర్చుని, "యమున గారెలు" అని ఫోనుకు చెప్పి, చెవికి ఆనించుకుంది. యమున మాటలను లక్ష్యపెట్టలేదు. నూనె కోసం విన్నది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడులో ఏదో ఒక లోపం దొరికేది. నూనె కాగకపోవడమో, పిండి పలచనవడమో. దాన్ని రోజంతా చప్పరించేది. ఇవాళ గారె పడగానే సన్నగా సుయ్యిమని, ఊపిరి తీసుకున్నంతసేపట్లో అణిగింది. చిన్న వీడియో, దానంతటదే మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే చప్పుడు.

"నేర్సుకున్నది, దొంగది."

రొమ్ములో మంట లేచి ఎడమ భుజానికి పాకింది. కడుపుమంటేనని సరిపెట్టుకుంది.

మధ్యాహ్నం షిఫ్టుకు పప్పు నానబోయడానికి వచ్చిన తోటి వంటమనిషి సారక్క రెండుసార్లు పిలిచింది. మల్లక్క గోడకు ఆనుకునే ఉంది. ఆమె ఒళ్ళో జారిన ఫోనులో గారె ఇంకా వేగుతోంది.

సాయంత్రం, చావు కాగితానికి ఆధార్ కార్డు కోసం ఆమె సంచీ వెతికిన యమునకు కంటి దవాఖాన చీటీ దొరికింది. అది యమున మొదటి వీడియోకు ఏడాది ముందుది. ఆమె వెళ్ళని ఆపరేషన్ తేదీ మీద నూనె మరక. కింద డాక్టరు రాత: రెండు కళ్ళకూ ముదిరిన శుక్లాలు, మూరెడు దూరంలో చూపిన వేళ్ళను లెక్కపెట్టలేకపోయింది.