అలిగి వెళ్లిన పనస

చంద్రరావు మధ్యాహ్నం అన్నం తిని ఓ కునుకు తీసేవాడు. లేచి కాలవ దాటి తోటకి వెళ్లేసరికి చెట్లు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు సర్దుకుని ఉండేవి. సపోటా రెండడుగులు నీడలోకి జరిగేది. నిమ్మ జామతో పొసగక ఉసిరి పక్కకి చేరేది. మనుషులు చూస్తుండగా మాత్రం ఒక్కటీ కదిలేది కాదు. ఆ ఎకరన్నర తోటలో అది మామూలే. దారిన పోయేవాళ్లు, "ఏవండీ, మీ సీతాఫలం ఇవాళ గట్టుదాకా వచ్చిందే," అనేసి పోయేవారు.

చంద్రరావుకి మాత్రం ఒళ్లు మండేది. వాళ్ల నాన్న కొబ్బరితోట వేస్తే ఈ చివర నిలబడినవాడికి ఆ చివర మనిషి కనబడేవాడు. ఆయన భార్య సూర్యకళది వేరే తత్వం. తిన్న ప్రతి పండు గింజా ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పాతేది. దున్ననివ్వదు, మందు కొట్టనివ్వదు, రాలిన ఆకు ఊడవనివ్వదు. "ఎవరి పక్కన ఎవరికి బాగుంటుందో మనకేం తెలుసండీ," అనేది. పన్నెండేళ్లలో అది తోటో అడవో చెప్పలేనట్టు తయారైంది.

ఇంతలో చుట్టూ మూడు వైపులా వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి. అన్నీ గణేష్‌బాబువే. రెండువేల రెండులో ఆయన ఈ తోటని కూడా లీజుకి అడిగాడు. సోమవారంలోగా మాటిస్తే తవ్వకానికి పొక్లెయిన్ పంపిస్తానన్నాడు.

"ఉప్పునీళ్ల మధ్య ఇదెన్నాళ్లు బతుకుతుందే? ఆ పనసనే చూడు. ఇన్నేళ్లు మేపాం, ఒక్క కాయ కాసిందా?" అన్నాడు చంద్రరావు.

సూర్యకళ అలిగింది. ఆ పూటే కాదు, నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయనకీ మనసు పీకుతూనే ఉంది. మాటిచ్చేముందు పనసకి చివరి అవకాశం ఇద్దామనుకున్నాడు. కాయని చెట్టుని బెదిరించడం ఆ పక్క ఊళ్లన్నిటా ఉన్నదే. ఒకరు గొడ్డలి ఎత్తి "కాస్తావా, నరకనా?" అనాలి. రెండోవాళ్లు చెయ్యి పట్టుకుని "ఈసారికి వదిలెయ్యండి, వచ్చే ఏడు కాస్తుంది," అనాలి. అలక మీదున్న భార్యని పిలవడానికి చంద్రరావుకి నామోషీ అడ్డొచ్చింది. ఒక్కడే వెళ్లి, గొడ్డలితో బెరడు మీద ఓ గాటు పెట్టి, అనాల్సింది అనేసి ఇంటికొచ్చి పడుకున్నాడు.

లేచి వెళ్లేసరికి పనస లేదు. ఉన్నచోట తడిమట్టి గొయ్యి మిగిలింది. రెండు చెరువుల అవతల, గణేష్‌బాబు గట్టు మీద అది నిలబడి ఉంది.

సంగతి విని సూర్యకళ నోరు విప్పింది. "రెండో మాట అనేవాళ్లు లేకుండా బెదిరించారా?"

"నువ్వు మాట్లాడ్డం లేదుగా."

"పిలిస్తే వచ్చేదాన్ని కదండీ."

ఉన్నపళాన బయల్దేరి ఆయనతో గట్టు మీదకెళ్లింది. గాటు మీద చెయ్యి పెట్టి అనాల్సిన మాట అంది. ఇద్దరూ కాసేపు చెట్టుకి వీపు పెట్టి నిలబడ్డారు. పనస కదల్లేదు. "ఉత్తినే అన్నానే తల్లీ. తప్పు నాదే," అన్నాడు చంద్రరావు చెట్టుతో. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

అప్పుడే గణేష్‌బాబు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు.

"తోట ఇవ్వనండి," అన్నాడు చంద్రరావు ముందుగానే. "చెట్టుని కూడా ఎలాగోలా తీసుకెళ్లిపోతాం."

గణేష్‌బాబు నీడలోకి వచ్చి టోపీ తీశాడు. రొయ్యలకి మేత చల్లే ఏసురాజు అప్పటికే చెట్టు మొదట్లో క్యారేజీ విప్పుకుని తింటున్నాడు. ఆ ముప్ఫై ఎకరాల చెరువుల్లో ఇంకెక్కడా గొడుగంత నీడ లేదు.

"తీసుకెళ్లకండి. రెండు పంటల రొయ్యలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. అయిదేళ్లుగా ఈ గట్టు మీద తిరుగుతున్నాను, ఇక్కడ ఒంటికి చల్లగా తగలడం ఇదే మొదలండి," అన్నాడు గణేష్‌బాబు.

"ఉప్పు తగిలితే పనస బతకదండి."

గణేష్‌బాబు గట్టు పక్క చెరువుకేసి చూశాడు. "పొక్లెయిన్ ఎలాగూ సోమవారానికి మాట్లాడేశాను. దాంతో ఈ చెరువు పూడ్పించేస్తాను," అన్నాడు.

అన్నట్టే పూడ్పించాడు. ఆ మధ్యాహ్నం చంద్రరావుకి నిద్ర పట్టలేదు. ముందుగానే లేచి తోటకెళితే, సూర్యకళ మొట్టమొదట పాతిన నేరేడు దారివైపు తడికని ఆనుకుని ఉంది. కొమ్మలన్నీ పనస ఉన్న దిక్కుకే. ఇంకో రోజైతే తిట్టేవాడే. కాస్త ఉప్పు నేలైనా నేరేడు నిలదొక్కుకుంటుందని ఆయనకి తెలుసు. కళ్లు చెమర్చాయి.

తడిక ఊడదీసి పక్కన పెట్టాడు. దారిలో రాళ్లు ఏరేశాడు. సూర్యకళని పిలిచి, "ఇటు తిరుగు," అన్నాడు. ఇద్దరూ దారికి వీపు పెట్టి నిలబడ్డారు. వెనక మట్టి కదిలిన చప్పుడైంది.

"వెళ్లిందంటారా?" అంది కాసేపటికి సూర్యకళ.

"తొందరపెట్టకు. దారంతా గతుకులు," అన్నాడు చంద్రరావు.