డిక్షనరీ అక్క రాసిన రిపోర్టులు

డిక్షనరీ అక్కకి ఆ ఏడాది రిపోర్టులు రాసే ఓపిక బొత్తిగా లేదు. రెండు బస్సులు మారి ఆఫీసుకొచ్చి పడేసరికే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆ మందుల గోడౌన్లో ఆమె టైపిస్టు. ఇంగ్లీషులో ఏ మాటకైనా ఇంకో మాట ఠక్కున చెప్తుందని స్టాఫంతా కలిసి ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు ఊరుకున్నారా, పనంతా తెచ్చి ఆమె నెత్తినే పడేశారు.

ఏడాదికోసారి ఒక్కొక్కరి పనితనం మీద హెడ్డాఫీసుకి ఇంగ్లీషులో రిపోర్టు వెళ్ళాలి. రాయాల్సింది మేనేజరు. "నువ్వు రాసెయ్యమ్మా, నేను సంతకం పెడతాను" అని ఆయన పదకొండేళ్ళ కిందట అన్నాడు. ఆ మహానుభావుడు ఇప్పటికీ అదే అంటున్నాడు.

రాయడం అంటే మాటలా? ఎవరు ఎంత బాగా పనిచేస్తారో చెప్పడానికి హెడ్డాఫీసువాళ్ళు మాటలతో ఓ నిచ్చెన కట్టి పంపారు. అట్టడుగున ఫెయిర్లీ, అంటే ఏదో పరవాలేదు. దానిమీద క్వయిట్, బాగానే అని. ఆపైన వెరీ, దానిపైన ఎక్స్‌ట్రీమ్లీ. అన్నిటికన్నా పైన ఎక్సెప్షనల్లీ, అలాంటి మనిషి ఇంకొకడు లేడని. ఇది చాలదన్నట్టు, ఒకే మెట్టుమీద ఇద్దరుంటే ఇద్దరికీ ఒకే మాట వాడకూడదట! ఒకరికి వెరీ అంటే రెండోవారికి హైలీ, మూడోవారికి ఇంకేదో వెతుక్కోవాలి. ఇక్కడ పంతొమ్మిది మంది. పాపం, ఆవిడ దగ్గర ఓ నోట్‌బుక్ నిండా ఆ మాటలే.

జాలిగుండె కదా, ఏటా ఎవరో ఒకర్ని ఓ మెట్టు పైకి తోస్తూ వచ్చింది. స్టోర్‌కీపర్ సంగతే చూడండి. అతను చేరిన ఏడు కూతురికి జబ్బు చేసి ఆస్పత్రి చుట్టూ తిరిగాడు, పనిలో సగం రోజులు లేడు. ఉద్యోగం ఊడుతుందేమోనని అక్క అతని రిపోర్టు కాస్త పెంచి రాసింది. పాప బాగైపోయింది, బడికి కూడా వెళ్తోంది. రిపోర్టు మాత్రం ఏడాదికో మెట్టు ఎక్కుతూ ఎక్సెప్షనల్లీకి చేరింది. నిజం చెప్పాలంటే మనిషి మంచివాడే గానీ పని అంతంతమాత్రం. మధ్యాహ్నం దగ్గుమందు పెట్టెల వెనక ఓ కునుకు తీయందే పొద్దుపోదు.

అందరివీ అయ్యాక చివర్న తన కాగితం వచ్చేది. మనల్ని మనం పొగుడుకుంటే ఏం బావుంటుంది అనుకుని, చప్పున ఫెయిర్లీ అని టైపు కొట్టేసేది. మేనేజరు సంతకం పెట్టేవాడు.

ఈ ఏడు సంగతి వేరు. అక్క ఇంటికి పది నిమిషాల నడక దూరంలో కంపెనీ కొత్త బ్రాంచి తెరిచింది. అక్కడ ఒక్క కుర్చీ ఖాళీ. టైపింగూ స్టోరూ ఒకరే చూసుకోవాలి. అడిగింది ఇద్దరే, అక్కా, అదే పేటలో ఉండే స్టోర్‌కీపరూ. ఎవరి రిపోర్టు పైమెట్టుమీద ఉంటే కుర్చీ వాళ్ళది.

ఆ కుర్చీ కావాలి ఆమెకి. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు గానీ, ఇన్నేళ్ళలో దేన్నీ ఇంతగా కోరుకోలేదు. సిగ్గు చంపుకుని మొదటిసారి తన కాగితం మీద ఎక్సెప్షనల్లీ అని కొట్టింది. కొట్టి, మేనేజరు ముందు పెట్టి, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఇదెలా కుదురుతుందమ్మా? పోయినేడు ఫెయిర్లీ కదా. ఏడాదికి ఒక్క మెట్టే ఎక్కాలని రూలు. క్వయిట్ అని రాసుకో."

"నా పని మీరు చూస్తూనే ఉన్నారు కదా సార్."

"నేను చూస్తే ఏం లాభం? వాళ్ళు కాగితమే చూస్తారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి. ఎక్కడానికే రూలు, దిగడానికి లేదు. స్టోరువాడిది దించెయ్. అబద్ధం కూడా కాదు కదా."

కాదు మరి! అదే కదా చిక్కు. సీటుకొచ్చి కూర్చుని, తన కాగితం మీద క్వయిట్ అని మార్చుకుని, స్టోర్‌కీపర్ రిపోర్టు తెరిచి, ఎక్సెప్షనల్లీ చెరిపి ఫెయిర్లీ అని కొట్టింది. అచ్చు తీసి చూసుకుంది. పదకొండేళ్ళలో తను రాసిన మొదటి నిజం అదే. 

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు స్టోర్‌కీపరు, తన రిపోర్టు మీద తన వంతు సంతకం చెయ్యడానికి. ఎప్పుడూ చదవకుండా గీకేసి పోయే మనిషి, ఈసారి పెన్ను పట్టుకుని ఆగాడు. "అక్కా, నాకు ఇంగ్లీషు రాదు కదా. ఇంతకీ నా గురించి ఏం రాస్తారు మీరు? ఒక్కసారి తెలుగులో చెప్పరూ?"

అక్క కళ్ళు ఫెయిర్లీ మీదే ఉన్నాయి. నోరు మాత్రం పాత కాగితం చదివింది. "చాలా అంటే చాలా శ్రద్ధగల మనిషి. ఇలాంటి నమ్మకస్తుడు అరుదుగా దొరుకుతాడు."

"నేనా?" స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మా ఆవిడ నన్ను ఎందుకూ పనికిరానివాడివంటుంది. మా నాన్న పోయేదాకా అదే అన్నాడు. ఏటా ఇలాగే రాశారా?" కళ్ళు తుడుచుకుని నవ్వేశాడు. "అబ్బ, ఇంకోసారి చెప్పండక్కా."

ఇంకోసారి చెప్పింది. అతను సంతకానికి వంగాడు. అక్క గభాలున కాగితం లాక్కుంది.

"ఆగు బాబూ. ఒక మాట తప్పు పడింది."

చెరిపింది. ఎక్సెప్షనల్లీ అని మళ్ళీ కొట్టింది. కుర్చీ పోయిందని వేళ్ళకి తెలుస్తూనే ఉంది, అయినా కొట్టి, అచ్చు తీసి ఇచ్చింది. అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని ఎంతో బుద్ధిగా సంతకం చేశాడు. లేవబోతూ బల్లమీద ఉన్న రెండో కాగితం చూశాడు.

"ఇది మీదా? మీ గురించి ఏముంది?"

ఈసారి ఉన్నది ఉన్నట్టే చదివింది, అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "పని బాగానే చేస్తుంది. ఇన్నాళ్ళూ ఏదో పరవాలేదనిపించేది."

అతని మొహం ఎర్రబడిపోయింది. "పరవాలేదా? ఈ గోడౌన్ని ఒంటిచేత్తో మోసే మనిషికి పరవాలేదా? ఏ కళ్ళులేని కబోది రాశాడక్కా అది? పేరు చెప్పండి, ఇప్పుడే వెళ్ళి కడిగేస్తాను."

"నేనే."

"మీరా?" అతను మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు. "ఎందుకక్కా?"

ఎందుకో ఆమెకే ఇన్నాళ్ళూ తెలీదు. ఇప్పుడు అతను అడిగాక, నోటికి అదే వచ్చేసింది. "సార్ చదువుతారు కదా అనుకున్నాను. చదివి, ఇదేంటమ్మా నీ గురించి ఇలా రాసుకున్నావు, దిద్దు అంటారనుకున్నాను. మొదటి ఏడు అనలేదు. పై ఏడు అంటారులే అనుకున్నాను." కాగితాలు రెండూ సార్ సంతకానికి వెళ్ళే ఫైల్లో పెట్టి కట్టేసింది. "పదకొండేళ్ళు చూశాను బాబూ. ఎవరూ అనలేదు."