ముద్దయిన అన్నం

డోర్నకల్ల రైలు పోతుంటె గిన్నెలు గలగలమనుడు ఎంత మామూలో, సంజీవ ఇంట్ల దెబ్బల చప్పుడు గంత మామూలు. అన్నం ముద్దయిందంటె చాలు, ముందు అన్నం తల్లెను తంతడు, తర్వాత పెండ్లాం రజనిని తంతడు. మొన్న ఆమె ఎడమచెయ్యి చిటికెనేలు ఇరిగింది. "ఇంకొక్కసారి ముద్దయితె చెయ్యే ఇరగ్గొడ్త" అన్నడు. అన్నడంటె చేస్తడు.

ఇయ్యాల రజని కావాలనే ముద్ద చేస్తున్నది.

చర్చిల కోతపండుగ. తను కువైట్ల ఇంటిపని చేసినప్పుడు ఫిలిప్పీన్స్ పిల్ల లోర్నా నేర్పిన మిఠాయి తెస్తనని అందరికి మాటిచ్చింది. పేరు బీకో. గా దేశంల జిగురు బియ్యంతోని చేస్తరు, గవి ఈడ ఏడ దొరుకుతయి? కేసముద్రంకెల్లి కొత్త బియ్యం తెప్పించింది. కొత్త బియ్యం ముద్దగాక ఏమైతది! కొబ్బరిపాలల్ల బెల్లమేసి చిక్కగ మరిగించి, ఉడికిన అన్నం దాంట్లేసి, ఇంక కలుపుడే కలుపుడు, గంటె నిలబడేదాక.

"సగం ఆకుల కట్టి దాయి బిడ్డా," అన్నది అత్త పెంటమ్మ. "వాడొస్తె ఏం మిగలనియ్యడు." రజని సగం ఆకుమూట కట్టి దాసింది.

గిదొకటి చెప్పాలె. కొత్త బియ్యం ముద్దల కోపంగ చెయ్యి పెడితె అది చెయ్యిని పట్టుకుంటది. కొబ్బరినూనె పోస్తెనే ఇడుస్తది. అందుకే ఆ వాడల ప్రతి పొయ్యికాడ ఓ సీసా ఉంటది. పోయినేడు పక్కింటి రెడ్యా పెండ్లాం మీద అలిగి తల్లెల చెయ్యి పెట్టి పొద్దూకిందాక ఒర్లిండు. సంజీవ హుషార్, ముద్దల ఎన్నడు చెయ్యి పెట్టలె.

ఇయ్యాల ఫుల్లుగ తాగొచ్చిండు. పొయ్యి మీది ఇనుప మూకుడు చూసిండు.

"మల్ల ముద్దనేనా? ఏందే, మస్తీ జేస్తున్నవా?"

జుట్టు పట్టి రజని మొకాన్ని గోడకు గుద్దిండు. పెదవి పగిలింది. రోకలి అందుకున్నడు.

"పట్టు, గా చెయ్యి."

"కొడితె కొట్టు," రజని రక్తం ఉమ్మింది. "గది పండుగకు. ముట్టకు."

"పండుగనా? నీ మొకానికే పెడ్త పండుగ!"

రోకలి పారేసి, కుతకుత ఉడుకుతున్న బీకో పిడికెడు తీసి ఆమె మొకాన కొడ్దామని మూకుట్ల చెయ్యి పెట్టిండు.

పట్టుకున్నది.

గుంజిండు. రాలె. బెల్లం మణికట్టుదాక ఎక్కింది, తోలు పొంగింది.

"అవ్వా! నూనె! కాల్తుందే అవ్వా!"

రెడ్యా గోడ మీదికెల్లి తొంగిచూసిండు. "పట్టిందా సంజీవన్నా? గుంజకు, ఇంక గట్టిగ పడ్తది." బీడీ ముట్టిచ్చుకొని పోయిండు.

పెంటమ్మ సీసా తీసింది. ఆమె చేతి ఏళ్లు రెండు వంకర. మొగడు ఉప్పలయ్య బతికున్నప్పుడు ఆమె అన్నం గూడ ముద్దయ్యేది.

"జల్ది అవ్వా!"

"రజనీ, గిట్ల కూసో బిడ్డా."

సీసా మొత్తం కోడలి నెత్తి మీద వంచింది. మెల్లగ చిక్కు తీసింది. జడేసింది. రోకలిని కాలుతోని పొయ్యిలకు నూకింది.

తర్వాతెవరో నూనె తెచ్చి ఇడిపిచ్చిండ్రు గని, గా చెయ్యి మల్ల ఎన్నడు పిడికిలి పడలె. గది తర్వాతి ముచ్చట. అప్పటికి అత్తకోడండ్లు ఆకుమూట పట్టుకొని చర్చి బాట పట్టిండ్రు. నడుమ పెంటమ్మ ఓ ముక్క నోట్లేసుకున్నది.

"ఎట్లుంది అత్తా?"

"ముద్దయింది," పెంటమ్మ వంకరేళ్లు నాక్కుంట అన్నది. "మంచిగ ముద్దయింది బిడ్డా."