దుమ్ము బట్టలు

అన్నదమ్ములిద్దరూ ఇంటి పైకప్పుకు వేసే ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సాయంత్రం వాళ్ళు విప్పి పడేసిన బట్టలు పెరట్లో దులిపి ఉతకడం తోడికోడళ్ళ వంతు. వంతులన్నది మాటవరసకే. ఆ తెల్లటి దుమ్ము పడక చిన్నకోడలు ఒకటే తుమ్మేది.

"నువ్వు లోపలికి పోవే తల్లీ, నీ తుమ్ములకు వీధంతా ఉలిక్కిపడుతోంది" అని పెద్దకోడలు ఆమెను తరిమేసి, ఇద్దరి బట్టలూ తనే దులిపేది. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది.

చివరికి మంచం పట్టింది మగవాళ్ళు కాదు, పెద్దకోడలు. నాలుగు అడుగులేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "రేకుల ఫ్యాక్టరీలో ఎన్నాళ్ళు చేశావమ్మా?" అని అడిగాడు.

"దాని గేటు కూడా నేను చూడలేదు బాబూ."

"మరి ఇంట్లోవాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

పక్కనే నిలబడ్డ చిన్నకోడలికి అప్పుడు తెలిసింది. తను పీల్చాల్సిన దుమ్ము కూడా అక్కే పీల్చింది.

మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్ళింది. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"మా ఉద్యోగులకు ఏటా పరీక్షలు చేయిస్తున్నాం. ఆవిడ మా ఉద్యోగి కాదు కదమ్మా."

"మీ పని బట్టలే కదండీ ఉతికింది."

"ఇంట్లో ఉతకమని మేం చెప్పలేదే!"

ఇంటికొచ్చి చెబితే, "ఉన్న పని ఊడగొట్టేలా ఉన్నావ్" అని మొగుడు కసిరాడు. బావగారు తన చొక్కా చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

చిన్నకోడలు ఇల్లిల్లూ తిరిగింది. ఆ వారం వీధిలోని ఆడవాళ్ళందరూ తమ మగవాళ్ళ ఫ్యాక్టరీ బట్టలు మూటలు కట్టి గేటు ముందు పడేశారు. వాచ్‌మన్ ముక్కు మూసుకుని, "తియ్యండమ్మా, దుమ్ము రేగుతోంది!" అని గోల పెట్టాడు.

"మా పిల్లల మీద రేగినప్పుడు నీకు కనపడలేదా?" అన్నారు వాళ్ళు.

నెల తిరక్కుండా కంపెనీ లోపలే బట్టలుతికే గది కట్టింది. ఆ కబురు విని పెద్దకోడలు నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. "పోనీలే, నీ తుమ్ములు తప్పాయి" అంది. కొన్నాళ్ళకే ఆమె పోయింది. కంపెనీ తరఫున పలకరించడానికైనా ఎవరూ రాలేదు.

ఆ గదిలో పనికి కాంట్రాక్టరు వీధి చివరింటి పిల్లను పెట్టాడు. మొగుడు వదిలేసి పోయిన పిల్ల. కాంట్రాక్టరు మనిషి కాబట్టి ఉద్యోగి కిందికి రాదు, పరీక్షలూ లేవు. పని నుంచి వస్తుంటే ఆమె జుట్టంతా తెల్లగా కనిపించి చిన్నకోడలు ఆపింది.

"ఆ పని మానెయ్యవే."

"మానేస్తే ఇల్లెలా గడవాలి పిన్నీ?"

"పొడిగా దులపకు, తడిపి ఉతుకు. మళ్ళీ గేటు దగ్గరికి పోదాం."

"నేనొస్తే నన్నే తీసేస్తారు."

"నువ్వు రావద్దులే. మేం పోతాం."

ఈసారి చాలా ఇళ్ళల్లో ఏదో ఒక పని అడ్డొచ్చింది. వాళ్ళ పెరళ్ళలో ఇప్పుడు దుమ్ము లేదు మరి. మొగుడు సరే, ముఖం తిప్పుకున్నాడు. చిన్నకోడలు ఒంటరిగానే బయల్దేరి సందు మలుపు తిరిగేసరికి వెనక అడుగుల చప్పుడైంది. ఆ పూట పని మానుకుని ఆమె వెంట వస్తున్నాడు బావగారు.

"పదమ్మా" అన్నాడు.